ఆకలి వేరు, గిరాకి వేరు



రేడియోలో బజారు ధరలు చదవడం మాకు చిరకాలపు అలవాటు. వేరుశనగ క్వింటాలు ఇంత, జొన్నలు ఇంత, ఉల్లిగడ్డలు ఇంత, చింతపండు ఇంత అని అంకెలు చదివి ముగిస్తాము. ఆ ధర ఎందుకు అంత ఉన్నదని అంగడివానిని అడిగితే, "గిరాకి పెరిగింది, ధర పెరిగింది, గిరాకి లేదు, ధర పడిపోయింది" అని ఒక్క మాటలో తేల్చివేస్తాడు. మాట చిన్నదే కాని, దాని అర్థం అనుకొన్నంత తేలికైనది కాదు. గిరాకి అంటే జనానికి గల కోరిక అని మనలో చాలామంది అనుకొంటాము. అర్థశాస్త్రం అట్లా అనుకోదు. ఆ రెండింటికీ నడుమ ఉన్న వ్యత్యాసం ఎంతటిదో అనంతపురం వంటి కరవు సీమలో కనిపించినంత స్పష్టంగా మరొక చోట కనిపించదు. ఈనాటి ప్రసంగంలో ఆ వ్యత్యాసాన్నే కొంచెం వివరంగా పరిశీలిద్దాము.

మొదట ధర సంగతి చూద్దాము. గుంతకల్లుకు సమీపాన వజ్రకరూరు అనే గ్రామం ఉన్నది. తొలకరి వానకు పైమట్టి కొట్టుకొని పోగానే చుట్టుపక్కల ఊళ్ళ నుండి జనం వచ్చి, ఆ ప్రాంతపు చేలలో నడుము వంచి వజ్రాల కొరకు వెదకడం ఏటా జరిగే సంగతే. వజ్రాలు దొరికే ఈ జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి నుండి వచ్చే మేఘాలు కనుమల మీదనే కురిసి తేలికపడి వస్తాయి. తూర్పు నుండి వచ్చేవి ఇక్కడికి చేరేలోగా అలసిపోతాయి. ఇక్కడ నీరు లేనిదే ప్రాణం నిలువదు. వజ్రం లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఐనా వజ్రానికి లక్షలు, బిందెడు నీటికి కొద్ది రూపాయలు. ఎందువలన?

ఇదే ప్రశ్నను 1776లో ఆడం స్మిత్ తన ప్రసిద్ధ గ్రంథంలో వేశాడు. ఆయన పుట్టిన స్కాట్లండులో నీటికి కొదవ లేదు. అందుచేత నీళ్ళు దాదాపు ఊరకే దొరికే వస్తువుగా ఆయనకు కనిపించాయి. వేసవిలో ట్యాంకరు కొరకు బిందెలు వరుసలో పెట్టి కూర్చున్న మన పల్లె ఇల్లాలు ఆ మాటను అంత సులభంగా ఒప్పుకోదు. నిజానికి స్మిత్ వేసిన ప్రశ్నకు జవాబు ఆమె వద్దనే ఉన్నది.

ఆమెకు ఒకే బిందె దొరికిందనుకొందాము. అది తాగడానికే. ఎంత ధర చెప్పినా, చేతిలో ఉన్నది పెట్టి దానిని కొంటుంది. రెండవ బిందె దొరికితే వంటకు. మూడవది పిల్లల స్నానానికి. నాలుగవది గుడ్డలు ఉతకడానికి. ఐదవది వాకిట కళ్ళాపికి. నీరు అదే, బిందె అదే. కాని ఒక్కొక్క బిందె వచ్చిన కొద్దీ తరువాతి బిందె వలన కలిగే ప్రయోజనం తగ్గుతూ వస్తున్నది. ఆ ఐదవ బిందెకు ఆమె పది రూపాయలు ఇవ్వమంటే ఇవ్వదు. చిట్టచివరి బిందె వలన కలిగే ఈ ప్రయోజనానికే అర్థశాస్త్రజ్ఞులు ఉపాంత ప్రయోజనమని పేరు పెట్టారు. ఇంగ్లండులో జెవన్స్, ఆస్ట్రియాలో మెంగర్ 1871లోను, స్విట్జర్లండులో బోధించిన వాల్రా 1874లోను, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈ సూత్రాన్ని ప్రకటించారు. ధరను నిర్ణయించేది వస్తువు మొత్తపు ఉపయోగం కాదు, చివర కొన్న పాలు వలన కలిగే ఉపయోగం. నీరు సమృద్ధిగా ఉన్న చోట చివరి బిందె కళ్ళాపికి పోతుంది కనుక ధర స్వల్పం. వజ్రాలు ఎక్కడ చూచినా అరుదే కనుక చివరి వజ్రానికి కూడా మోజు తగ్గదు. కరవు వచ్చినప్పుడు నీటికి కూడా మొదటి బిందె విలువ బయటపడుతుంది.

దీని నుండి గిరాకి సూత్రం సహజంగానే వెలువడుతున్నది. తక్కిన పరిస్థితులు మారకుండా ఉంటే, ధర తగ్గినప్పుడు వినియోగదారులు ఎక్కువగా కొంటారు. ధర పెరిగినప్పుడు తక్కువగా కొంటారు. ధరకు, కొనే పరిమాణానికి గల ఈ సంబంధాన్ని గణిత రూపంలో మొదట చూపినవారిలో ముఖ్యుడు ఫ్రెంచి దేశస్థుడు కూర్నో, అది 1838లో. దానిని అందరికీ బోధపడే శాస్త్రంగా తీర్చినవాడు కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ మార్షల్. ఆయన గ్రంథం 1890లో వెలువడింది.

ఉదాహరణకు టమాటాలు కొనే ఒక సాధారణ కుటుంబాన్ని ఊహించుకొందాము. కిలో 20 రూపాయలు ఉన్నప్పుడు వారు వారానికి 2 కిలోలు కొంటారు. 40 రూపాయలైతే కిలోన్నర. 80 రూపాయలైతే అర కిలోతో సరిపెట్టుకొని, మిగిలిన పులుపు చింతపండుతో తీర్చుకొంటారు. ఈ చిన్న పట్టికకు గిరాకి పట్టిక అని పేరు. ఇట్లా ఊరిలోని ఇళ్ళన్నిటి పట్టికలు కూడితే బజారు గిరాకి పట్టిక అవుతుంది.

ఇప్పుడు ఆ ఇంటి ఖర్చును లెక్క చూడండి. కిలో 20 రూపాయలప్పుడు వారానికి 40 రూపాయల ఖర్చు. ధర 40కి పెరిగినప్పుడు 60 రూపాయల ఖర్చు. ధర 80 ఐనప్పుడు మళ్ళీ 40 రూపాయలే. మొదటి పెరుగుదలలో కొనుగోలు కొంత తగ్గినా ఖర్చు పెరిగింది. అనగా ఆ దశలో గిరాకి ధరకు అంతగా లొంగలేదు. రెండవ పెరుగుదలలో కొనుగోలు ఎంతగానో తగ్గి, ఖర్చు కూడా తగ్గింది. అనగా అక్కడ గిరాకి ధరకు బాగా లొంగింది. ధరను బట్టి గిరాకి సాగే, ముడుచుకొనే ఈ గుణాన్ని వ్యాకోచత్వం అంటారు. ఉప్పుకు వ్యాకోచత్వం చాలా తక్కువ. ధర రెట్టింపు ఐనా ఎవరూ చప్పిడి కూడు తినరు. ధర సగమైనా ఎవరూ రెండింతలు ఉప్పు తినరు. ధర్మవరం పట్టుచీరకు వ్యాకోచత్వం ఎక్కువ. ధర ఎక్కువైతే పెళ్ళికి రెండు చీరలు కొనదలచినవారు ఒకదానితో తృప్తి పడతారు. వాయిదా వేయగలిగినదానికి, బదులు మరొకటి దొరికేదానికి, ఇంటి ఖర్చులో పెద్ద భాగం ఆక్రమించేదానికి గిరాకి సాగుతుంది. ఇవేవీ కానిదానికి సాగదు.

ఈ సంగతి వినియోగదారుకు ఎంత ముఖ్యమో రైతుకు అంతకంటె ముఖ్యం. మన పట్టికనే తిరగవేసి చూడండి. పంట బాగా పండి టమాటాలు సంతను ముంచెత్తి, ధర 40 నుండి 20కి దిగిందనుకొందాము. ఆ ఇంటి నుండి వచ్చే సొమ్ము 60 నుండి 40కి పడిపోయింది. సరుకు ఎక్కువ అమ్ముడైనది, రాబడి తగ్గింది. మంచి పంట పండించిన నేరానికి రైతు నష్టపోతున్నాడు. కోత కూలి, బండి బాడుగ కూడా గిట్టక, టమాటాలను రోడ్డు పక్కన పారబోయడం అనంతపురం, మదనపల్లె ప్రాంతాలలో మనం ఎన్ని మారులు చూడలేదు? అదే టమాటా 2023 జులైలో కిలో 100 రూపాయలు దాటి దేశమంతటా సంచలనం కలిగించింది. ఈ చిత్రం కొత్తది కాదు. ఇంగ్లండులో గోధుమ పంట పదవ వంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుందని, పంట సగమైతే ధర నాలుగున్నర రెట్ల మేర అదనంగా పెరుగుతుందని గ్రెగరీ కింగ్ పేరుతో వ్యవహరించే అంచనా 1699 నాటికే అచ్చైనది. తిండి వస్తువుల గిరాకి సాగదు కనుకనే సరఫరాలో కొంచెం తేడా వచ్చినా ధరలో అంత పెద్ద అలజడి.

ఇంతవరకు "తక్కిన పరిస్థితులు మారకుండా ఉంటే" అనే షరతు పెట్టుకొని మాట్లాడుకొన్నాము. కాని జీవితంలో తక్కిన పరిస్థితులు మారకుండా ఉండవు. ధర కదలకపోయినా గిరాకి మొత్తంగా పెరగవచ్చు, మొత్తంగా తరగవచ్చు. దానికి ముఖ్యమైన కారణాలు నాలుగు: ప్రత్యామ్నాయ వస్తువుల ధర, పూరక వస్తువుల ధర, అభిరుచి, ఆదాయం. ఈ నాలుగింటికీ మన జిల్లాలోనే సాక్ష్యం దొరుకుతుంది.

ప్రత్యామ్నాయ వస్తువు అంటే ఒకదానికి బదులుగా వాడదగినది. అనంతపురం రైతు కొన్ని తరాలుగా వేరుశనగను నమ్ముకొన్నాడు. వేరుశనగకు గిరాకి ఎక్కువగా దాని నూనెకు ఉన్న గిరాకి మీద ఆధారపడినది. 1986లో కేంద్ర ప్రభుత్వం నూనెగింజల అభివృద్ధికి ప్రత్యేక పథకం ప్రారంభించిన తరువాత ఆ పంటకు ప్రోత్సాహం లభించింది. 1990ల మధ్యలో వంటనూనెల దిగుమతిపై ఆంక్షలు సడలించడంతో పామాయిలు వెల్లువగా వచ్చింది. పామాయిలు దిగుమతిలో భారతదేశం ప్రపంచంలోనే అగ్రస్థానానికి చేరింది. మలేషియా, ఇండోనేషియా తోటలలో పండిన నూనె చౌకగా దొరకడంతో వేరుశనగ నూనె వాడే ఇళ్ళలో చాలా ఇళ్ళు దానికి మారాయి. మన చేనిలో ఏ లోపం లేకపోయినా, సముద్రం అవతల నుండి వచ్చిన ప్రత్యామ్నాయం మన పంట గిరాకిని తగ్గించగలదని దీని వలన తెలుస్తున్నది.

పూరక వస్తువులు జంటగా వాడేవి. ఒకదాని ధర పెరిగితే రెండవదాని గిరాకి పడిపోతుంది. పశువులకు, మేతకు గల సంబంధం ఇట్టిదే. వాన రాని ఏడు జొన్న చొప్ప, వేరుశనగ కట్టె, వరిగడ్డి ధరలు ఆకాశానికి ఎక్కుతాయి. అదే సమయాన పశువుల సంతలో కాడెద్దుల ధర నేలకు దిగుతుంది. మేపలేని ఎద్దును ఎవడు కొంటాడు? ఒకవైపు అమ్మేవారు పెరిగారు, మరొకవైపు కొనేవారు తగ్గారు. మంచి ఏడు ఎంతో ఖరీదు పలికిన జత కరవు ఏడు ఏ కొద్ది మొత్తానికో చేయి మారుతుంది. వాన పడిన తరువాత అదే రైతు సేద్యానికి ఎద్దులు కావాలని సంతకు పోతే, అందరూ అదే పని మీద వచ్చి ఉంటారు కనుక హెచ్చు ధర పెట్టవలసి వస్తుంది. చౌకగా అమ్మి, ప్రియంగా కొనడం అతని తెలివితక్కువతనం వలన కాదు. అతని చుట్టూ ఉన్నవారందరి గిరాకి ఒక్కసారిగా ఒకే దిక్కుకు మరలడం వలన.

అభిరుచి, ఆదాయం ఎట్లా పనిచేస్తాయో చెప్పడానికి కొర్రల కథ ఒక్కటి చాలు. ఒకప్పుడు ఈ పీఠభూమిలో కొర్రలు, ఆరికలు, సజ్జలు, జొన్నలు, రాగులు నిత్యాహారం. వరి అన్నం పండుగకు, చుట్టాలు వచ్చినప్పుడు. ఆదాయం కొంచెం పెరగగానే జనం కొర్రన్నం వదలి వరి అన్నానికి మళ్ళారు. ఆదాయం పెరిగితే గిరాకి తగ్గే ఇట్టి వస్తువులను శాస్త్రంలో నాసి వస్తువులు అంటారు. ఆ మాట వస్తువు గుణాన్ని గురించి కాదు, ఆదాయం పెరిగినప్పుడు దాని గిరాకి పోయే దిక్కును గురించి. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం ప్రవేశపెట్టడంతో బియ్యం పేదవాని ఇంటికి కూడా నిత్యాహారమై, కొర్రలకు మిగిలిన గిరాకి కూడా క్షీణించింది. చేలలో వాటి స్థానాన్ని వేరుశనగ ఆక్రమించింది. తరువాత కాలం మళ్ళీ తిరిగింది. మధుమేహానికి భయపడిన నగరవాసులు చిరుధాన్యాలను వెదకసాగారు. భారతదేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023 సంవత్సరాన్ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. బెంగుళూరు, హైదరాబాదు దుకాణాలలో కొర్రబియ్యం సన్నబియ్యం కంటె ఎక్కువ ధర పలికింది. గింజ మారలేదు, దాని రుచి మారలేదు. తినేవారి ఆదాయం, అభిప్రాయం మారాయి. పేదవాడు విడిచిన గింజను ధనికుడు అందుకొన్నాడు. ఇప్పుడు పేదవాడు తిందామన్నా దానిని కొనలేడు.

ఈ చివరి మాట దగ్గర మనం ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. తిందామని ఉన్నది, కొనలేడు. అతని కోరిక గిరాకిలో చేరుతుందా? చేరదు. అర్థశాస్త్రంలో గిరాకి కావాలంటే మూడు ఉండాలి: వస్తువు కావాలనే కోరిక, దానిని కొనగల శక్తి, ఆ శక్తిని దాని మీదనే వినియోగించడానికి సమ్మతి. సంతలో తిరుగుతూ పట్టుచీర వంక ఆశగా చూచిన కూలి మనిషి కోరికకు బజారులో లెక్క లేదు. అందులో అన్యాయమేమీ లేదని, చీర లేకపోతే ప్రాణం పోదని అనవచ్చు. కాని ఆమె చూచినది చీర వంక కాక రాగుల బస్తా వంక ఐతే? బజారుకు ఈ రెండు చూపులకు భేదం తెలియదు. చేతిలో డబ్బు ఉంటే రెండూ గిరాకి, లేకపోతే రెండూ శూన్యం.

బిందెల ఉదాహరణ ఇక్కడ మళ్ళీ పనికివస్తుంది. రూపాయికి కూడా ఉపాంత ప్రయోజనం ఉన్నది. ధనికునికి చివరి రూపాయి కళ్ళాపి నీటి వంటిది. పేదవానికి అదే రూపాయి తాగే బిందె. ఐనా బజారు ఇద్దరి రూపాయలనూ ఒకే తూకంతో తూచుతుంది. ఎవరి అవసరం గొప్పదని అది అడగదు, ఎవరు ఎన్ని రూపాయలు పెట్టారని మాత్రమే అడుగుతుంది. జర్మను గణాంక శాస్త్రజ్ఞుడు ఎర్నస్ట్ ఎంగెల్ 1857లోనే ఒక సంగతి గమనించాడు: కుటుంబం ఎంత పేదదైతే, దాని ఖర్చులో తిండికి పోయే పాలు అంత ఎక్కువ. అందుచేత ధాన్యం ధర పెరిగినప్పుడు పేద ఇంటికి తప్పించుకొనే దారి ఉండదు. పప్పు మానుతారు, కూరగాయలు మానుతారు, చివరకు ఉన్న డబ్బంతా సంకటికే పెట్టి, ధర పెరిగినా దానినే ముందుకంటె ఎక్కువ తినవలసిన స్థితి కూడా రావచ్చు. గిరాకి సూత్రానికి విరుద్ధమైన ఈ విచిత్రాన్ని మార్షల్ 1895 నాటి కూర్పులో సర్ రాబర్ట్ గిఫెన్ పేరుతో ప్రస్తావించాడు.

ఇక కరవు వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో చూద్దాము. కరవు అంటే ధాన్యం లేకపోవడమని సామాన్యంగా అనుకొంటాము. అది సగం నిజం. వాన లేకపోతే పంట పోతుంది, ధర పెరుగుతుంది. కాని అంతకంటె ముందే కలుపు లేదు, కోత లేదు, నూర్పు లేదు. కూలివానికి పని పోయింది. అతని చేతిలో డబ్బు పోయింది. నేత మగ్గం వానకు సంబంధించినది కాదు కదా అనవచ్చు. రైతు కుటుంబాలు పెళ్ళిళ్ళు వాయిదా వేస్తే ధర్మవరంలో మగ్గం ఆగుతుంది. మంగలికి, కుమ్మరికి, చిల్లర అంగడివానికి ఒకరి తరువాత ఒకరికి రాబడి పోతుంది. ధాన్యం ధర పెరిగిన రోజునే, దానిని కొనవలసినవారి శక్తి అడుగంటుతుంది.

దీనికి చరిత్రలో భయంకరమైన నిదర్శనం 1876–78 నాటి కరవు. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు. 1882 వరకు ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం. దత్త మండలాలు ఆ కరవుకు తీవ్రంగా బలి ఐనవి. అప్పుడు రైలు లేదా అంటే ఉన్నది. గుత్తి మీదుగా మద్రాసు నుండి రాయచూరుకు రైలు మార్గం 1871 నాటికే పూర్తి ఐనది. మద్రాసు రేవులో ఓడల నుండి దిగిన ధాన్యం ఆ రైళ్ళలో లోపలి జిల్లాలకు వచ్చింది. స్టేషన్లలో బస్తాలు ఉన్నాయి. కాని వాటి ధర చెల్లించగల కూలివాడు లేడు. వ్యాపారంలో జోక్యం తగదని, గిరాకి ఉన్న చోటికి ధాన్యం దానంతట అదే వెళుతుందని భారత ప్రభుత్వం నమ్మింది. సూత్రం తప్పు కాదు. ధాన్యం నిజంగానే గిరాకి ఉన్న చోటికి వెళ్ళింది. ఆకలి ఉన్న చోటికి వెళ్ళలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సలహా మీద సహాయపు పనులలో మనిషికి రోజు కూలిని ఒక పౌను ధాన్యానికి, పైన కొద్దిపాటి చిల్లరకు కుదించారు. అది దేహానికి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా అభ్యంతరం తెలిపాడు. లక్షల మంది మరణించారు. 1880లో నివేదిక ఇచ్చిన కరవు కమిషను, అనావృష్టి మొదట దెబ్బతీసేది వ్యవసాయ కూలి పనులనని, పని పోయినవారు ఆహారం కొనలేకపోవడమే విపత్తుకు మూలమని గుర్తించింది.

ఒక శతాబ్దం తరువాత, 1981లో, అమర్త్య సేన్ ఇదే విషయాన్ని శాస్త్రీయంగా నిరూపించడానికి పూనుకొన్నాడు. 1943 నాటి బెంగాలు కరవులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. ఆయన లెక్కల ప్రకారం ఆ సంవత్సరం బెంగాలులో ఉన్న ఆహారం, కరవు లేని 1941 కంటె తక్కువ కాదు. యుద్ధ కాలపు ద్రవ్యోల్బణంతో నగరంలో డబ్బు ఉన్నవారి గిరాకి పెరిగి ధర ఎగబ్రాకగా, పల్లె కూలివారు, జాలరులు, చేతిపనివారు బజారు నుండి వెలికి పోయారు. ఆహారం ఉండడం ఒకటి, దానిని పొందగల హక్కు మనిషికి ఉండడం మరొకటి అని ఆయన సిద్ధాంతం. ఆయన లెక్కలతో ఏకీభవించని పండితులు ఉన్నారు. కాని సిద్ధాంతపు సారాన్ని కాదన్నవారు తక్కువ. సేన్‌కు 1998లో నోబెల్ బహుమానం లభించింది.

ఐతే బజారు లెక్కకు అందని ఆకలిని ఏమి చేయాలి? మన ప్రాంతంలోనే మూడు విధాలైన సమాధానాలు ప్రయోగించి చూచారు. మొదటిది బజారును పక్కన పెట్టి తిండి నేరుగా ఇవ్వడం. 1952లో రాయలసీమ కరవులో తెరిచిన గంజి కేంద్రాలు అట్టివి. ప్రాణం నిలిపాయి, కాని గిన్నె పట్టుకొని వరుసలో నిలిచినవాడు తనకు ఏమి కావాలో ఎంచుకోలేడు. రెండవది ధరను కొనేవాని శక్తికి దించడం. 1983 నాటి 2 రూపాయల బియ్యం అది. దానివలన ఆకలి తగ్గింది. కొర్రకు ఏమి ఐనదో ముందే చెప్పుకొన్నాము. మూడవది ధరను ముట్టుకోకుండా, కొనేవాని శక్తిని ధర దగ్గరకు పెంచడం. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఆ దారి తొక్కింది. ఏటా కుటుంబానికి 100 రోజుల కూలి పనికి హామీ ఇచ్చిన ఆ పథకాన్ని అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించినది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి గ్రామంలోనే.

ఆ చట్టంలో మన ప్రసంగ విషయానికి సంబంధించిన విశేషం ఒకటి ఉన్నది. పని కావాలని అడిగినవారికి 15 రోజులలోగా పని చూపాలి, చూపలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి అని అందులో రాశారు. అనగా అడగడమే గిరాకి. చేతిలో రూపాయి లేని మనిషి నోటి మాటను గిరాకిగా లెక్కలో చేర్చుకోవాలని ఒక శాసనం అంగీకరించింది. అమలులో పని ఆలస్యమైన చోట్లు ఉన్నాయి, కూలి సకాలంలో అందని సందర్భాలు ఉన్నాయి. ఐనా భావం గొప్పది. కూలి చేతికి వచ్చిన ఇల్లాలు శనివారం సంతకు పోయి రాగులు కొంటుంది, పప్పు కొంటుంది, పిల్లవానికి చొక్కా కొంటుంది. నిన్నటి వరకు ఆకలి ఐనది ఈనాడు గిరాకి ఐనది. అంగడివాడు రెండు బస్తాలు ఎక్కువ తెప్పిస్తాడు. పండించినవానికి కూడా ఆ మేరకు ధర దక్కుతుంది. పేదవాని చేతిలో పడిన రూపాయి చాలాకాలం ఆ చేతిలో నిలువదు, ఊరంతా తిరుగుతుంది.

గిరాకి సూత్రం బజారు ఎట్లా పనిచేస్తుందో చెబుతుంది. అది నిజాన్ని చెప్పే సూత్రమే. దానిని నిందించి లాభం లేదు. నీరు పల్లానికి పారుతుందని తెలిసిన రైతు నీటిని తిట్టడు, కాలువ తవ్వుకొంటాడు. సరుకు డబ్బు ఉన్న వైపుకే పారుతుంది. ఆకలి ఉన్న వైపుకు అది పారాలంటే ఆ వైపు కొనుగోలు శక్తి అనే కాలువ తవ్వవలసి ఉన్నది. అది బజారు తనంతట తాను చేసే పని కాదు. సమాజం, ప్రభుత్వం పూనుకొని చేయవలసిన పని.

మేము రోజూ చదివే ధరల పట్టీలో ఎంతకు అమ్మారో ఉంటుంది, ఎంత సరుకు వచ్చిందో ఉంటుంది. సంచి మడిచి చంకలో పెట్టుకొని ఏమీ కొనకుండా ఇంటికి మరలినవారు ఎందరో అందులో ఉండదు. ఇకమీదట "జొన్నలు నిలకడగా ఉన్నాయి, గిరాకి మందగించింది" అని మా నోట విన్నప్పుడు, అది కడుపు నిండి మందగించిందా, చేయి ఖాళీ ఐ మందగించిందా అని శ్రోతలు ఒక్కసారి ఆలోచించవలసినదిగా కోరుతున్నాము. ఆ ప్రశ్నకు జవాబు పట్టీలో దొరకదు. మన ఊరిలో, మన పక్క ఇంటిలో వెదకి తెలుసుకోవాలి.